కృప, క్రియలు, విధులు: కడవరి-దిన పరిశుద్ధుల (మోర్మన్ల) రక్షణ బోధపై తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో మోర్మన్ల మాట వస్తే చాలు, "వాళ్లది క్రియల మతం, మనది కృప" అని ఎవరో ఒకరు తేల్చేస్తారు. అంటే వాళ్లు మంచిపనులు చేసి రక్షణ సంపాదించుకోవాలనుకుంటారని, మనకు దేవుడు దాన్ని ఉచితంగా ఇస్తాడని. ఆ సంఘంలో ఉన్నవాళ్లు ఈ మాట విని నిజంగా బాధపడతారు. నేను బాప్టిస్టు ఇంట్లో పుట్టి పెరిగాను, ఆ సంఘంలో చేరలేదు. అయితే మా దగ్గరి చుట్టాల్లో కొందరు అటు వెళ్లారు. వాళ్లతో కూర్చుని మాట్లాడాను, వాళ్ల గ్రంథాలు చదివాను. "క్రియల మతం" అన్న తీర్పు అన్యాయమని నా నమ్మకం. అలాగని "అంతా ఒకటేలెండి" అనే మాట కూడా ఒప్పుకోను. తేడాలు ఉన్నాయి, అవి చిన్నవి కావు. వాటిని ఉన్నవి ఉన్నట్టు చెప్పుకోవడమే ఇక్కడ నా ప్రయత్నం.

ఇంతకీ మోర్మన్లు అంటే ఎవరు?

1830 ఏప్రిల్ 6న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ స్థాపించిన సంఘంవాళ్లు. సంఘం అసలు పేరు "యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము", ప్రధాన కేంద్రం యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీ. "మోర్మన్" అనే వాడుక పేరు మానేసి పూర్తి పేరుతో పిలవండని 2018లో అప్పటి అధ్యక్షుడు రస్సెల్ ఎం. నెల్సన్ కోరారు. కాబట్టి ఇక్కడినుంచి వాళ్లను "పరిశుద్ధులు" అనే అంటాను. బైబిలుతో పాటు మోర్మన్ గ్రంథము, సిద్ధాంతము మరియు నిబంధనలు, అమూల్యమైన ముత్యము అనే మరో మూడు గ్రంథాలు వాళ్లకు లేఖనాలు. జోసెఫ్ స్మిత్‌ను ప్రవక్తగా నమ్మే వేరే సంఘాలు కూడా ఉన్నాయి, వాటి సంగతి ఇక్కడ ఎత్తడం లేదు.

సూటిగా చెప్పండి. వాళ్ల లెక్కలో రక్షణ కృప వల్లా, క్రియల వల్లా?

ఏ రక్షణ గురించి అడుగుతున్నారో ముందు తేలాలి. చాలా వాదనలు ఇది తేలకుండానే మొదలవుతాయి, అందుకే ఎటూ తెగవు.

మొదటిది మరణం నుంచి రక్షణ. క్రీస్తు తిరిగి లేచాడు కాబట్టి పుట్టిన ప్రతి మనిషీ తిరిగి లేస్తాడని పరిశుద్ధులు నమ్ముతారు. మంచివాడు, చెడ్డవాడు, క్రైస్తవుడు, హిందువు, ముస్లిం, నాస్తికుడు, అందరూ. "ఆదామునందు అందరు ఏలాగు మృతిపొందుచున్నారో, ఆలాగుననే క్రీస్తునందు అందరు బ్రదికింపబడుదురు" అన్న పౌలు మాటను వాళ్లు అక్షరాలా తీసుకుంటారు. దీనికి మనిషి చేయాల్సింది ఏమీ లేదు. విశ్వాసం కూడా అక్కర్లేదు. ఇక్కడ కృప విషయంలో వాళ్లు మన బాప్టిస్టులకంటే ధారాళంగా ఉన్నారు.

రెండోది పాపం నుంచి రక్షణ. ఇది క్రీస్తు ప్రాయశ్చిత్తం వల్లే సాధ్యం, కానీ దాన్ని అందుకోవడానికి షరతులున్నాయి. జోసెఫ్ స్మిత్ 1842లో రాసిన విశ్వాస ప్రమాణాల్లో మూడోది ఇదే చెబుతుంది: క్రీస్తు ప్రాయశ్చిత్తం ద్వారా, సువార్త నియమాలకూ విధులకూ (బాప్తిస్మం లాంటి పవిత్ర కార్యాలకూ) విధేయత చూపడం వల్ల మనుషులందరూ రక్షణ పొందవచ్చు. నాలుగోది ఆ మొదటి మెట్లను వరసగా చెబుతుంది: ప్రభువైన యేసు క్రీస్తు మీద విశ్వాసం, పశ్చాత్తాపం, నీళ్లలో ముంచి ఇచ్చే బాప్తిస్మం, పరిశుద్ధాత్మ వరం కోసం తలమీద చేతులుంచడం.

మూడోది ఉన్నతస్థితి. అంటే తండ్రి అయిన దేవుని సన్నిధిలో, కుటుంబంగా, ఆయన జీవితం లాంటి జీవితం జీవించడం. వాళ్లు "నిత్యజీవం" అంటే ముఖ్యంగా ఇదే. దీనికి దేవాలయ విధులు కావాలి, దేవునితో చేసుకున్న నిబంధనలకు (ఒప్పందాలకు) కట్టుబడి ఉండాలి.

"మీరు రక్షింపబడ్డారా?" అని మన సువార్తికులు అడిగితే పరిశుద్ధులు వెంటనే జవాబు చెప్పలేక తడబడేది ఇందుకే. అప్పట్లో ఆ సంఘపు అపొస్తలుల్లో ఒకరైన డాలిన్ హెచ్. ఓక్స్ 1998 ఏప్రిల్ ప్రసంగంలో ఈ ప్రశ్ననే తీసుకుని, తమ బోధలో "రక్షింపబడడం" ఆరు రకాలుగా ఉందని ఒక్కొక్కటీ విడదీసి చెప్పారు. కొన్నిటికి జవాబు "అవును", కొన్నిటికి "షరతులతో అవును".

పరలోకం, నరకం అని రెండే ఉంటాయా?

లేదు. 1832 ఫిబ్రవరి 16న ఒహాయో రాష్ట్రంలోని హైరమ్ అనే ఊళ్లో జోసెఫ్ స్మిత్, అతని సహచరుడు సిడ్నీ రిగ్డన్ ఇద్దరూ కలిసి చూశామన్న దర్శనం "సిద్ధాంతము మరియు నిబంధనలు" 76వ ప్రకరణంలో ఉంది. అందులో మూడు మహిమా రాజ్యాలు కనిపిస్తాయి: సిలెస్టియల్, టెర్రెస్ట్రియల్, టిలెస్టియల్. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాల వెలుగుల్లో ఉన్నంత తేడా వాటి మధ్య ఉంటుంది. క్రీస్తు సాక్ష్యాన్ని అందుకుని, బాప్తిస్మం పొంది, నమ్మకంగా నడిచినవాళ్లు మొదటిదానికి వెళ్తారు. మర్యాదస్తులే అయినా లోకంలో కళ్లు కప్పబడినవాళ్లు రెండోదానికి. అబద్ధికులు, వ్యభిచారులు కూడా తమ పాపాలకు శిక్ష అనుభవించాక మూడోదానికి చేరతారు, ఆ మూడోదాని మహిమ కూడా మన ఊహకు అందనిదని అదే దర్శనం చెబుతుంది. వీటికి బయట, వెలుగే లేని చోటుకు పోయేవాళ్లు బహు కొద్దిమంది.

ఈ ప్రకరణం చదివాక "వాళ్ల దేవుడు కఠినుడు" అనడానికి నాకు మాత్రం నోరు రాదు. మన దగ్గర నరకం మీద ఎన్ని సందేశాలు విన్నామో గుర్తు చేసుకోండి.

"మనం చేయగలిగినదంతా చేసిన తర్వాతే కృప" అని మోర్మన్ గ్రంథంలో ఉందట కదా?

ఉంది, 2 నీఫై 25:23లో. వాళ్లను విమర్శించే ప్రతి కరపత్రంలోనూ ఈ వచనమే ముందుంటుంది. మనం చేయగలిగినదంతా చేసిన తర్వాత కృప చేతనే రక్షింపబడతామని ఆ గ్రంథంలోని ప్రవక్త నీఫై అక్కడ అంటాడు. ఒంటిగా చదివితే, ముందు నీ వంతు పూర్తి చెయ్యి, మిగిలిన కొరత దేవుడు తీరుస్తాడు అన్నట్టే ఉంటుంది. ఒకప్పుడు ఆ సంఘంలో చాలామంది అలాగే అర్థం చేసుకున్నారు, అలాగే బోధించారు కూడా. దాన్ని దాచాల్సిన పని లేదు.

కానీ అదే గ్రంథంలో వేరే చోట్ల ఏముందో చూడాలి. 2 నీఫై 10:24లో, దేవునితో సమాధానపడ్డాక కూడా మీరు రక్షింపబడేది ఆయన కృప వల్ల, కృప ద్వారా మాత్రమే అని ఉంది. మోషైయ 2వ అధ్యాయంలో బెంజమిన్ రాజు తన ప్రజలతో, మీ శక్తినంతా పెట్టి దేవుణ్ని సేవించినా మీరు నిష్ప్రయోజకులైన దాసులే అంటాడు. నాకు అన్నిటికంటే బలంగా తోచింది ఆల్మా 24:11. అక్కడ హత్యలు చేసి బతికిన ఒక జాతి రాజు, మేము చేయగలిగినదంతా పశ్చాత్తాపపడడమే అంటాడు. నీఫై మాటకు ఈ రాజు మాటే వ్యాఖ్యానమని ఇప్పుడు చాలామంది పరిశుద్ధులు చెబుతారు.

2015 ఏప్రిల్ మహాసభలో డీటర్ ఎఫ్. ఉక్‌డార్ఫ్ ఇదే వచనం ఎత్తుకుని, "తర్వాత" అంటే "అందువల్ల" అని కాదు, మన ప్రయత్నాల కారణంగా మనకు రక్షణ రాదు అని స్పష్టం చేశారు. విధేయత ఇచ్చి రక్షణను కొనుక్కోలేం, దేవుని కుమారుని రక్తమే దాని వెల అని కూడా అన్నారు. అపొస్తలుడి హోదాలో ఉన్న మనిషి ప్రసంగ వేదిక మీద నిలబడి ఇలా మాట్లాడాక కూడా పాత కరపత్రాన్నే పంచుతూ కూర్చోవడం సరికాదు.

మరి ఎఫెసీయులకు 2:8–9 సంగతేంటి?

"మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు, ఇది మీవలన కలిగినది కాదు, దేవుని వరమే." ఈ వచనం వాళ్ల బైబిల్లోనూ ఉంది, వాళ్లూ నమ్ముతారు. దాని పక్కన యాకోబు పత్రికలోని "క్రియలు లేని విశ్వాసమును మృతము" అనే మాటను పెట్టి చదువుతారు. మనమూ అదే చేస్తాం కదా.

నిజమైన తేడా ఇంకో చోట ఉంది. లూథర్ దారిలో నడిచిన సంఘాల్లో క్రియలు రక్షణ పొందినవాడిలో కనిపించే ఫలాలు. వాడు రక్షింపబడ్డాడు కాబట్టి అవి వస్తాయి. పరిశుద్ధుల దగ్గర విధేయత రక్షణ అందుకునే దారిలోనే ఒక భాగం. కృప తలుపు తెరుస్తుంది, లోపలికి నడిచే బలమూ కృపే ఇస్తుంది, అయినా నడవకపోతే లోపలికి చేరవు అంటారు. ఇది నిజంగా సిద్ధాంతపరమైన తేడా. దీని మీద బాప్టిస్టు పాస్టరుగారు అభ్యంతరం చెబితే ఆయన వాళ్లను అపార్థం చేసుకున్నారని అనలేం.

రక్షణ ఉచితమైతే అన్ని ఆజ్ఞలు ఎందుకు పెట్టుకున్నారు?

2011లో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో బ్రాడ్ విల్‌కాక్స్ చేసిన ప్రసంగంలోని పోలిక వాళ్లలో అందరికీ తెలుసు. తల్లి బిడ్డకు పియానో నేర్పించే టీచరు ఫీజు కట్టేసింది. బిడ్డ రోజూ సాధన చేస్తాడు. ఆ సాధన టీచరు బాకీ తీర్చదు, తల్లి బాకీ కూడా తీర్చదు. తల్లి ఇచ్చినదాన్ని వాడుకోవడమే ఆ సాధన, దానివల్ల బిడ్డ మారతాడు.

దీని వెనక ఉన్న ఆలోచనను ఓక్స్ 2000 అక్టోబరులోనే చెప్పారు. చివరి తీర్పులో దేవుడు మనం చేసిన మంచి చెడుల మొత్తం కూడి చూడడు, ఆ పనులూ తలంపులూ మనల్ని చివరికి ఎలాంటి మనిషిగా మార్చాయో చూస్తాడు అన్నారు. క్రియల లెక్క దగ్గర ఆగిపోయిన చర్చను ఈ మాట ముందుకు తీసుకెళ్తుంది. పరలోకం సంపాదించుకునే చోటుగా కాక అక్కడ బతకగలిగే మనసు ఉన్నవాళ్ల చోటుగా కనిపిస్తుంది. ఆ మనసు ఎక్కడినుంచి వస్తుంది అంటే, మళ్లీ క్రీస్తు కృప నుంచే అంటారు వాళ్లు. మోర్మన్ గ్రంథంలోని మొరోనై 10:32–33 చదివితే ఈ క్రమం తెలుస్తుంది.

విధులు అంటే ఏవి? ఎన్ని?

యాజకత్వపు అధికారంతో, నిర్ణయించిన పద్ధతిలో జరిగే పవిత్రమైన కార్యం విధి. రక్షణకూ ఉన్నతస్థితికీ తప్పనిసరి అని వాళ్లు చెప్పేవి ఐదు: బాప్తిస్మం, పరిశుద్ధాత్మ వరంతో కూడిన నిర్ధారణ, పురుషులకు మెల్కీసెదెకు యాజకత్వంలో (వాళ్ల రెండు యాజకత్వాల్లో పెద్దది) నియామకం, దేవాలయంలో పొందే ఎండోమెంట్ (బోధ, నిబంధనలతో కూడిన కార్యం), దేవాలయంలో భార్యాభర్తలను నిత్యత్వానికి కలిపే బంధన. పిల్లలకు పేరు పెట్టి దీవించడం, రోగులకు నూనె రాసి ప్రార్థించడం కూడా విధులే, కానీ ఇవి తప్పనిసరి కావు.

ప్రతి తప్పనిసరి విధిలోనూ ఒక నిబంధన ఉంటుంది. మనిషి మాట ఇస్తాడు, దేవుడు మాట ఇస్తాడు. దేవుని కృప తమ జీవితంలోకి ప్రవహించే కాలువ ఆ నిబంధనే అన్నట్టు వాళ్లు మాట్లాడతారు. నా దృష్టిలో ఈ మతంలో అసలు కీలకం ఇక్కడుంది. బయటివాళ్లు కృప ఒకవైపు, క్రియలు ఒకవైపు పెట్టి తక్కెడ చూస్తుంటారు. లోపలివాళ్ల ఆలోచనంతా నిబంధన చుట్టూ తిరుగుతుంది.

బాప్తిస్మం ఎలా ఇస్తారు?

ఇచ్చేవాళ్లూ తీసుకునేవాళ్లూ ఇద్దరూ తెల్లబట్టలు వేసుకుంటారు. యాజకుడు కుడిచెయ్యి పైకెత్తి, పూర్తి పేరు పలికి, రాసివున్న ప్రార్థనను ఉన్నదున్నట్టు చెప్పి వెనక్కి వంచి ముంచుతాడు. ఇద్దరు సాక్షులు దగ్గరే నిలబడి చూస్తుంటారు. మాట తప్పినా, బట్ట అంచో కాలివేలో నీళ్లపైన తేలినా మళ్లీ ముంచాల్సిందే. 2019 అక్టోబరు నుంచి స్త్రీలు, బాప్తిస్మం పొందిన పిల్లలు కూడా సాక్షులుగా నిలబడవచ్చు.

పసిపిల్లలకు ఇప్పించవచ్చా?

కుదరదు. 8 ఏళ్లు నిండాలి. ఆదాము అతిక్రమానికి కాక తమ తమ పాపాలకే మనుషులు శిక్షింపబడతారని వాళ్ల రెండో విశ్వాస ప్రమాణం చెబుతుంది. అందుకే పసివాళ్లు క్రీస్తులో సజీవులు, వాళ్లకు బాప్తిస్మం అవసరం లేదని మొరోనై 8వ అధ్యాయం చాలా గట్టిగా, కొంత కోపంగానే అంటుంది. ఆ వయసు రాకముందే చనిపోయిన పిల్లలందరూ సిలెస్టియల్ రాజ్యంలో ఉంటారని బోధ. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు ఈ ఒక్క వాక్యం ఎంత ఓదార్పో చెప్పనక్కర్లేదు.

నాకు ఇదివరకే బాప్తిస్మం అయింది. ఆ సంఘంలో చేరితే మళ్లీ తీసుకోవాలా?

తీసుకోవాలి. అపొస్తలుల తర్వాత ఆ అధికారం భూమ్మీద లేకుండా పోయిందని, 1829 మే 15న బాప్తిస్మమిచ్చు యోహానే పరలోకం నుంచి వచ్చి జోసెఫ్ స్మిత్‌కూ అతని సహచరుడు ఆలివర్ కౌడరీకీ అహరోను యాజకత్వం (రెంటిలో చిన్నది) ఇచ్చాడని వాళ్ల విశ్వాసం. పేతురు, యాకోబు, యోహానులు తర్వాత మెల్కీసెదెకు యాజకత్వం ఇచ్చారంటారు. కాబట్టి వేరే సంఘంలో ఎంత భక్తిగా తీసుకున్న బాప్తిస్మమైనా ఆ విధి కింద చెల్లదు.

ఇది మనవాళ్లకు నొప్పి కలిగించే మాటే. అటువైపు నుంచి కూడా తలుపు అలాగే ఉంది. పరిశుద్ధుల బాప్తిస్మం చెల్లదని క్యాథలిక్ సంఘం 2001లో ప్రకటించింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేరువేరు వ్యక్తులని, తండ్రికి మాంసం, ఎముకలతో కూడిన శరీరం ఉందని వాళ్లు నమ్ముతారు. పలికే పేర్లు ఒకటే అయినా త్రిత్వ విశ్వాసం ఒకటి కాదన్నది అందుకు ముఖ్య కారణం.

వారం వారం ప్రభువు బల్ల ఉంటుందట, నిజమేనా?

నిజమే. దాన్ని సంస్కారం అంటారు, ఆదివారపు ఆరాధనకు అదే గుండెకాయ. ముందువైపు ఒక బల్ల మీద రొట్టెముక్కలు, చిన్నచిన్న కప్పుల్లో నీళ్లు, పైన తెల్లగుడ్డ. ద్రాక్షరసం ఉండదు. పాట పాడుతుండగా పదహారు, పదిహేడేళ్ల కుర్రాళ్లు రొట్టె విరుస్తారు. పాట అయ్యాక ఒకడు మోకరించి ప్రార్థన చదువుతాడు. క్రీస్తు నామాన్ని మీద వేసుకుంటామని, ఆయన్ని ఎల్లప్పుడూ జ్ఞాపకం చేసుకుంటామని, ఆయన ఆజ్ఞలు పాటిస్తామని దాని సారాంశం. ఒక్క మాట తడబడితే బిషప్పు (అక్కడ స్థానిక సంఘపు పెద్ద) వైపు చూస్తాడు. ఆయన సైగ చేస్తే మొదటినుంచి మళ్లీ చదువుతాడు. గదిలో ఎవరూ విసుక్కోరు. తర్వాత పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు పళ్లేలు పట్టుకుని వరస వరసకూ తిరుగుతారు.

బాప్తిస్మం రోజు చేసిన నిబంధన వారం వారం కొత్తదవుతుందని వాళ్ల భావన. కృప గురించి వాళ్లేం నమ్ముతారో తెలుసుకోవాలనుకునేవాళ్లు వాదనలకు దిగేముందు ఒక ఆదివారం వెనక వరసలో కూర్చుని ఇది చూడాలని నా సలహా. పోయిన ఆదివారం ఇచ్చిన మాట తప్పినవాళ్లే అక్కడ అందరూ. అయినా పళ్లెం అందరి ముందుకూ వస్తుంది. (గంభీరమైన తప్పు చేసినవాళ్లను మాత్రం పశ్చాత్తాపం పూర్తయ్యేదాకా తీసుకోవద్దని బిషప్పు చెప్పవచ్చు.)

టీ తాగితే రక్షణ పోతుందా?

మన తెలుగువాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే! మద్యం, పొగాకు, "వేడి పానీయాలు" వద్దని 1833లో వచ్చిన "జ్ఞాన వాక్యము" చెబుతుంది, వేడి పానీయాలంటే టీ, కాఫీ అని సంఘం అర్థం చెబుతుంది. టీ తాగినవాడు నరకానికి పోతాడని ఎవరూ అనరు. కానీ బాప్తిస్మానికి ముందు దీన్ని పాటిస్తానని ఒప్పుకోవాలి, దేవాలయంలోకి వెళ్లాలన్నా పాటించాలి. దేవాలయ సిఫారసు పత్రం కోసం బిషప్పు, ఆ తర్వాత స్టేకు (కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం) అధ్యక్షుడు విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతారు. విశ్వాసం, నిజాయితీ, శీలం, దశమభాగం, జ్ఞాన వాక్యం అన్నీ అందులో ఉంటాయి. పత్రం రెండేళ్లు చెల్లుతుంది.

ఇక్కడ విమర్శకుల మాటలో బలం ఉంది. ఉన్నతస్థితికి దేవాలయ విధులు తప్పనిసరి, దేవాలయానికి పత్రం తప్పనిసరి, పత్రానికి దశమభాగమూ టీ మానేయడమూ తప్పనిసరి. ఈ గొలుసును చూసి "ఇది కృప ఎలా అవుతుంది?" అని అడగడం తప్పు కాదు. పరిశుద్ధులు ఇచ్చే జవాబు, ఇవి సిద్ధపాటు గుర్తులే తప్ప వెల కాదని. ఈ జవాబు నాకు పూర్తిగా సరిపోలేదు. అయితే వాళ్లు దాన్ని మనస్ఫూర్తిగా చెబుతారన్నది నేను చూసిన నిజం.

దేవాలయంలో ఏం జరుగుతుంది?

ఆదివారం ఆరాధన జరిగే మందిరం వేరు, దేవాలయం వేరు. ఎండోమెంట్‌లో సృష్టి నుంచి మొదలుపెట్టి మనిషి తిరిగి దేవుని సన్నిధికి చేరే దారిని నేర్పిస్తారు. విధేయత, త్యాగం, సువార్త, పవిత్రత, సమర్పణ అనే ఐదు నియమాలకు సంబంధించి నిబంధనలు చేయిస్తారు. వీటి పేర్లు సంఘమే బయటికి చెప్పింది. కొన్ని వివరాలు బయట మాట్లాడబోమని మాట ఇస్తారు కాబట్టి తెలిసినవాళ్లను గుచ్చి గుచ్చి అడగకపోవడం మర్యాద.

చనిపోయినవాళ్లకు బాప్తిస్మం ఇవ్వడమేంటి?

ఇది అర్థం కావాలంటే జోసెఫ్ స్మిత్ అన్న ఆల్విన్ కథ తెలియాలి. ఆల్విన్ 1823 నవంబరులో 25 ఏళ్లకే జబ్బుచేసి పోయాడు. అతను ఏ సంఘంలోనూ సభ్యుడు కాడు. అంత్యక్రియల్లో పాస్టరు అతను నరకానికే పోయాడన్నట్టు మాట్లాడారని, నాన్నగారికి అది నచ్చలేదని తమ్ముడు విలియమ్ తర్వాతి కాలంలో చెప్పాడు. 1836 జనవరిలో కర్ట్‌లాండ్ దేవాలయంలో జోసెఫ్‌కు దర్శనం కలిగింది. సిలెస్టియల్ రాజ్యంలో ఆల్విన్ కనిపించాడు. బాప్తిస్మం లేకుండా ఇక్కడికెలా వచ్చాడని జోసెఫే ఆశ్చర్యపోయాడు. సువార్త వినే అవకాశం లేక చనిపోయినవాళ్లు, విని ఉంటే అంగీకరించేవాళ్లు, ఆ రాజ్యానికి వారసులవుతారని జవాబు వచ్చింది.

అయినా బాప్తిస్మం అందరికీ తప్పనిసరి అన్న బోధ అలాగే ఉంది. ఈ చిక్కుముడి 1840 ఆగస్టు 15న ఇల్లినాయ్‌లోని నావూలో విడింది. సేమర్ బ్రన్సన్ అనే సభ్యుడి అంత్యక్రియల ప్రసంగంలో జోసెఫ్ స్మిత్, బతికున్నవాళ్లు చనిపోయినవాళ్ల తరఫున బాప్తిస్మం తీసుకోవచ్చని మొదటిసారి ప్రకటించాడు. 1 కొరింథీయులకు 15:29 ఆధారం. ఆ తర్వాత జేన్ నైమన్ అనే తల్లి, బాప్తిస్మం లేకుండా పోయిన తన కొడుకు సైరస్ కోసం మిసిసిపీ నదిలో మునిగింది. సిద్ధాంత చర్చలకంటే ముందు ఈ బోధను అందుకున్నది ఒక తల్లి దుఃఖం. (తర్వాత స్త్రీల తరఫున స్త్రీలు, పురుషుల తరఫున పురుషులు అనే నియమం వచ్చింది.)

ఇప్పుడు ఇది దేవాలయాల్లో, పన్నెండు ఎద్దుల బొమ్మలు మోస్తున్నట్టు కట్టిన తొట్టెలో జరుగుతుంది. బాప్తిస్మమే కాదు, ఎండోమెంట్, బంధన కూడా చనిపోయినవాళ్ల తరఫున చేస్తారు. వంశవృక్షాల మీద ఆ సంఘం అంత శ్రమ, డబ్బు పెట్టేది ఇందుకే. ఆత్మల లోకంలో ఉన్న ఆ వ్యక్తి ఆ విధిని అంగీకరించవచ్చు, కాదనవచ్చు. పేరు రాసినంత మాత్రాన చనిపోయినవాడు మోర్మన్ అయిపోయినట్టు వాళ్లు లెక్కపెట్టరు.

బాధ పెట్టిన సంఘటనలూ ఉన్నాయి. నాజీల చేతిలో చనిపోయిన యూదుల పేర్ల మీద ఈ విధులు చేయడంపై యూదులు తీవ్రంగా నిరసన తెలిపితే 1995లో ఒప్పందం కుదిరింది. ఆ తర్వాత కూడా ఉల్లంఘనలు బయటపడ్డాయి. గాంధీజీ పేరు మీద కూడా జరిగిందని 2012లో వార్తలు వచ్చాయి. ఇప్పుడు సభ్యులు తమ పూర్వీకుల పేర్లే ఇవ్వాలి, గత 110 ఏళ్లలో పుట్టినవాళ్లయితే దగ్గరి బంధువు అనుమతి ఉండాలి. ఈ నియమాన్ని కచ్చితంగా పాటించాలి. ఒక జాతి తన మృతులను ఏ పేరుతో తలుచుకుంటుందో నిర్ణయించుకునే హక్కు ఆ జాతిదే.

హిందూ కుటుంబాల నుంచి ఆ సంఘంలో చేరిన తెలుగువాళ్లకు మాత్రం ఈ బోధ పెద్ద ఊరట. "మా అమ్మమ్మ యేసు పేరే వినలేదు, ఆమె గతి ఏంటి?" అని అడిగితే మన సంఘాల్లో చాలాసార్లు మౌనమే జవాబు. అక్కడ జవాబు ఉంది.

సిలువ మీద దొంగకు బాప్తిస్మం లేదు కదా?

యేసు ఆ రోజు అతనికి మాటిచ్చిన "పరదైసు" ఆత్మల లోకమేనని, అంతిమ పరలోకం కాదని జోసెఫ్ స్మిత్ బోధించాడు. అక్కడ అతను సువార్త నేర్చుకోవచ్చు, అతని తరఫున విధులు జరగవచ్చు.

పెళ్లి కానివాళ్ల సంగతేంటి?

ఉన్నతస్థితికి దేవాలయ వివాహం కావాలని 1843 నాటి బోధ. ఈ జీవితంలో అవకాశం రాక, నమ్మకంగా బతికినవాళ్లకు రాబోయే లోకంలో ఏ దీవెనా తక్కువ కాదని నాయకులు పదే పదే చెబుతారు. ఆదివారం కుటుంబాల మధ్య ఒంటరిగా కూర్చునేవాళ్లకు ఆ మాట ఎంతవరకు సరిపోతుందో వాళ్లే చెప్పాలి.

రక్షణ నిశ్చయత ఉంటుందా, లేక ఎప్పుడూ టెన్షనేనా?

"ఒకసారి రక్షణ పొందితే ఇక పోదు" అనే బోధ అక్కడ లేదు. మనిషి కృప నుంచి పడిపోవచ్చని వాళ్ల గ్రంథాలు నేరుగా చెబుతాయి. దానివల్ల కొందరిలో టెన్షన్ ఉంటుంది, అది నేను కళ్లారా చూశాను. మా చుట్టాల్లో ఒకావిడ ప్రార్థన చేసుకుందా, లేఖనం చదివిందా, పరిచర్యకు ఎవరింటికైనా వెళ్లిందా అని రాత్రిపూట వేళ్లమీద లెక్కపెట్టుకుని, ఏదో ఒకటి తగ్గిందని కుమిలిపోయేది. ఆమెకు ఊరట దొరికింది వేరే సంఘంలో కాదు, ఆమె మోర్మన్ గ్రంథంలోనే. బెంజమిన్ రాజు ప్రసంగం విన్న జనం నేలమీద పడి కరుణించమని మొరపెట్టుకుంటారు. వాళ్లు ఒక్క మంచిపని కూడా చేయకముందే సంతోషంతో నిండిపోతారు, మనస్సాక్షికి శాంతి దొరుకుతుంది. మోషైయ 4వ అధ్యాయంలోని ఆ భాగం ఆమెకు చూపించింది వాళ్ల బిషప్పుగారే. "ముందు ఇది జరిగిందమ్మా, పనులు తర్వాత వచ్చాయి" అన్నారట.

ఆ సంఘంలో చెక్‌లిస్టు కింద నలిగిపోతున్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ అధ్యాయం తెరవండి. మీ గ్రంథం మీకు ఇచ్చిన ఊరటను ఎవరూ మీనుంచి తీసుకోకూడదు.

తెలుగు నేలమీద ఈ సంఘం ఉందా?

ఉంది. సమోవాలో ఉంటూ ఈ సంఘంలో చేరిన ధర్మరాజు దంపతులు 1978 చివర్లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు సువార్త చెప్పారు, వాళ్లలో చాలామంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇప్పుడు హైదరాబాదు, విశాఖపట్నం, రాజమండ్రి లాంటి చోట్ల సంఘాలున్నాయి. దేశంలో మొదటి స్టేకు 2012లో హైదరాబాదులోనే ఏర్పడింది. దేవాలయ విధుల కోసం మనవాళ్లు ఏళ్లపాటు అప్పోసప్పో చేసి విదేశాలకు వెళ్లాల్సి వచ్చేది. బెంగళూరులో దేవాలయం కడతామని 2018 ఏప్రిల్‌లో ప్రకటించారు, 2020 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది.

మా అబ్బాయి ఆ సంఘంలో చేరతానంటున్నాడు. ఏం చదవమంటారు?

వాడితో కలిసే చదవండి. మోషైయ 2 నుంచి 5 వరకు ముందు, తర్వాత 2 నీఫై 2, మొరోనై 8, ఆపైన "సిద్ధాంతము మరియు నిబంధనలు" 76. పక్కనే రోమీయులకు 3 నుంచి 6 అధ్యాయాలు, ఎఫెసీయులకు 2, యాకోబు 2 పెట్టుకోండి. ఆ తర్వాత వాడిని రెండు ప్రశ్నలు అడగండి: దేవాలయ విధులు లేకపోతే క్రీస్తు పని నీకు ఎంతవరకు సరిపోతుంది? నాకు ఇచ్చిన బాప్తిస్మాన్ని దేవుడు ఎలా చూస్తాడని నువ్వు నమ్ముతున్నావు? జవాబు మీకు నచ్చకపోవచ్చు. వాడు చెప్పేది పూర్తిగా వినండి, తర్వాత మీ విశ్వాసం ఏంటో మీరూ చెప్పండి.